పాకల ఒడ్డున సొర సంగతి

సముద్రం చూసి వచ్చానంటే మా ఊళ్ళో అడిగే మొదటి మాట, "సొరచేప కనబడిందా?" అని. కనబడింది. ఉప్పు పట్టించి ఇసుక మీద ఆరేసిన ముక్కలుగా కనబడింది. మిగతాది నిదానంగా చెబుతాను. మా దర్శి చుట్టుపక్కల నుంచి కార్తీక పున్నమికి బళ్ళు కట్టుకొని సముద్ర స్నానానికి పోయేవాళ్ళు ఏటా ఉంటారు. వాళ్ళు ఇది విని పోతే మంచిదని రాస్తున్నాను. చదవడం రానివాళ్ళకు ఎవరైనా చదివి వినిపించండి.

బయలుదేరడం

మా అన్న శేషయ్య పోయిన కార్తీక పున్నమికి పాకల దగ్గర సముద్రంలో దిగి మళ్ళీ రాలేదు. శవం దొరకలేదు. వెంట వెళ్ళినవాళ్ళు ఖాళీ బండి తోలుకొచ్చి, "సొర మింగింది. నల్లటి వీపు మా కళ్ళతో చూశాం" అన్నారు. పెద్దలు దర్భలతో బొమ్మ చేయించి దహనం జరిపించారు. సుబ్బులు వదిన అప్పటికి కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న మనిషి సముద్ర స్నానానికి పోకూడదని ఇంటి దగ్గరే ఉండిపోయింది. మాఘమాసంలో మగపిల్లాడు పుట్టాడు.

పిల్లాడు పుట్టాడు గాని వదినకు పాలు నిలవలేదు. నిద్ర లేదు, తిండి లేదు. ఇంట్లో ఉన్న ఎండుచేపలన్నీ దిబ్బ మీద పారేసింది. పిల్లాణ్ణి మేకపాలతో నెట్టుకొస్తున్నాం. వాడు తాగినదాంట్లో సగం కక్కేస్తాడు. చేతిలోకి తీసుకుంటే బరువు తెలియదు. చైత్రంలో మిరపకల్లం ఎత్తేసిన తర్వాత ఒకనాడు వదిన నా ముందు కూర్చుంది.

"రాఘవా, కన్ను మూస్తే సొర పళ్ళు కనబడుతున్నాయి. నువ్వు పోయి ఆ ఒడ్డునుండే వాళ్ళను అడిగి రా. ఆ చేప ఆయన్ని బతికుండగా తిన్నదా, లేదా? ఏదైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఇదీ నా యాత్రకు కారణం. పుణ్యం కోసం పోలేదు.

నాకు ప్రయాణాలు కొత్త కాదు. కొత్తగా ఉన్నది ఒక్కణ్ణే పోవడం. ఇన్నాళ్ళూ మాట్లాడే పని మా అన్నది, మూటలు మోసే పని నాది. దారిలో ఎవరు కనబడినా అన్న వరస కలిపేవాడు. నేను వెనక నిలబడి మూట భుజం మార్చుకునేవాణ్ణి. ఈసారి మూట చిన్నది. ఒక పంచె, తువ్వాలు, చెంబు, ఎవరింటికైనా పోతే చేతిలో పెట్టడానికి మా చేలో పండిన ఎండు మిరపకాయలు ఒక సంచెడు. నోరు మాత్రం నాదే వాడాల్సి వచ్చింది.

చీమకుర్తి దాకా బస్సు

చీమకుర్తికి పోయే బస్సులో నా పక్కన దూదేకుల మస్తాన్ సాయిబు కూర్చున్నాడు. దూది ఏకే విల్లు అడ్డంగా పట్టుకొని కూర్చోవడంతో కుదుపు వచ్చినప్పుడల్లా దాని నారి నా చెవి దగ్గర జుమ్మంటోంది. పత్తి తీతలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు ఊరూరా పరుపులు కుట్టించే కాలం. ఆయనకు పని, మనకు తుమ్ములు.

"ఎందాక అబ్బాయ్?" అన్నాడు.

"పాకల సముద్రానికండి."

"ఇప్పుడు ఏం పర్వం ఉందని? పర్వం లేకుండా సముద్రాన్ని ముట్టుకోకూడదంటారు గదా మీవాళ్ళు."

"పర్వం లేదు, పని ఉంది. సొరచేప సంగతి కనుక్కోవాలి."

మస్తాన్ సాయిబు విల్లు సర్దుకున్నాడు. "సొరా? మోకాటి లోతులో మనిషి కాలు తుంచుకుపోయిందంట."

"మీరు చూశారా?"

"నేనెక్కడ చూశా? కొత్తపట్నంలో మా బావమరిది చూశాడు."

"ఆయన కళ్ళారా చూశారా?"

కాసేపు ఆలోచించాడు. "వాడికి కూడా ఎవరో చెప్పారనుకుంటా."

అన్న ఉంటే ఈ మాటకు పడీ పడీ నవ్వి బస్సంతా నవ్వించేవాడు. నేను ఊరుకున్నాను. ఊరుకోవడం చూసి ఆయనకు ఏదో తోచింది. ఎవరు పోయారని మెల్లగా అడిగాడు. చెప్పాను. ఇంట్లోవాళ్ళకు కాక పరాయి మనిషికి ఆ సంగతి చెప్పడం నాకు అదే మొదలు. ఆయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. వేయించిన వేరుశనక్కాయలు ఒక గుప్పెడు నా తువ్వాల్లో పోసి, "మీ ఊరు వచ్చినప్పుడు పిల్లాడికి చిన్న పరుపు కుట్టి పెడతా. మెత్తగా ఏకుతాలే" అన్నాడు. చీమకుర్తి ఇంకా రాకముందే ఒక ఊళ్ళో దిగిపోయాడు. ఆయన పోయాక ఆ సీటులోకి ఎవరూ రాలేదు. నేను ఒంగోలు బస్సు మారేదాకా ఆ శనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను.

ఒంగోలు

మాది నెల్లూరు జిల్లా. ఒంగోలు గుంటూరు జిల్లా. జిల్లా మారితే పచ్చడి కూడా మారుతుందా అని మీరు అడగవచ్చు. మారదు. హోటల్లో భోజనం ముప్పావలా, గోంగూర మాత్రం అడిగినంత. కాఫీ రెండణాలు. కొత్త పైసలు వచ్చి ఏళ్ళవుతున్నా ఆ హోటలాయన అణాల్లోనే అడుగుతాడు, చిల్లర మాత్రం పైసల్లో ఇస్తాడు. ఎవరికి లాభమో నాకు అర్థం కాలేదు.

ఆయన్నీ అడిగాను. జనంతో నిండిన హోటల్లో సొర మాట ఎత్తేసరికి ప్రతివాడూ ఒక కథ చెప్పాడు. ఎవడూ చూసినవాడు కాదు. సొరను చూసినవాడు ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉంటాడని ఆ పూట నాకు తెలిసింది. ఊరు మారేకొద్దీ ఆ చేప పెరుగుతోంది కూడా. మస్తాన్ సాయిబు చెప్పిన చేప కాలు తుంచింది. ఒంగోల్లో చేప ఎద్దును లాక్కుపోయింది.

రైలు వచ్చేదాకా స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాను. చుట్టూ జనం, ఎవరి గోల వాళ్ళది. మా ఊళ్ళో ఎవరైనా కొత్త మనిషి అలా కూర్చుంటే ఈపాటికి పది మంది చేరి వాడి పుట్టుపూర్వోత్తరాలు లాగేసేవాళ్ళు. ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం ఇంత బరువుగా ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు.

సింగరాయకొండ

సింగరాయకొండలో రైలు దిగితే గాలిలోనే తేడా తెలుస్తుంది. మా వైపు చైత్రంలో గాలి వీస్తే మిరపఘాటు, పత్తినలుసు. ఇక్కడి గాలికి తడి ఉంది, పెదవులు నాక్కుంటే ఉప్పగా ఉంది. కొండ మీద నరసింహస్వామికి కిందినుంచే దణ్ణం పెట్టి జట్కా మాట్లాడుకున్నాను.

జట్కావాడు సముద్రానికి ఇవతలున్న పడవల కాలవ దాకా వస్తానన్నాడు. ఉప్పు బస్తాలు, సరుగుడు కట్టెలు వేసుకొని మద్రాసు వైపు పోయే పడవలు అక్కడ బారుగా ఉన్నాయి. ఒక పడవాయన నన్ను అవతలి గట్టున దింపి, డబ్బులిస్తే వద్దన్నాడు. "నడిచి పో, సరుగుడు తోటల్లో హోరు వినబడుద్ది. దాని ఎంటే పో" అన్నాడు.

మా నల్లరేగడిలో వాన పడితే అడుగుకు వీసెడు మట్టి అంటుకుంటుంది. ఈ ఇసుక దేనికీ అంటుకోదు. వెనక్కి చూస్తే నా అడుగులు అప్పటికే పూడిపోతున్నాయి. నేను వచ్చినట్టు గుర్తు కూడా లేదనిపించింది.

పాకల ఒడ్డు

సముద్రం ఎలా ఉంటుందని అడగకండి. నేను చూసినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. కార్తీక పున్నమికి వేలమంది దిగే ఒడ్డట. ఆ మధ్యాహ్నం ఒక్కరూ లేరు. అన్న ఎక్కడ దిగాడో చెప్పేవాళ్ళు లేరు. ఎటు చూసినా ఒక్కలాగే ఉంది. ఫలానా చోటని తెలిస్తే అక్కడ నిలబడి ఏడ్చేవాణ్ణి. అది కూడా కుదరలేదు.

అన్నా నేనూ ఈత నేర్చింది మా చేని దిగుడుబావిలో. బెండు కట్టి ముందు నన్ను తోసి, తర్వాత తను దూకాడు. వాడు పోయాక నేను ఆ బావిలో దిగలేదు. ఆ ఎండలో నీళ్ళు చూస్తే ఏమనిపించిందో, పంచె ఎగ్గట్టి మోకాళ్ళ దాకా దిగాను. పర్వం లేని రోజని గుర్తుంది. అయినా దిగాను.

రెండో అల వెనక్కి పోతుంటే ఎడమ పిక్కకు నిప్పు అంటినట్టయింది. కేక పెట్టి ఒడ్డున పడ్డాను. నన్ను కూడా సొర పట్టిందనే అనుకున్నాను. చూస్తే నెత్తురు లేదు, గాటు లేదు. సన్నటి దారాల్లాంటివి చుట్టుకొని ఉన్నాయి, వాటి కింద ఎర్రటి వాతలు తేలుతున్నాయి. పక్కన అల మీద ఉడికిన గంజి ముద్దలాంటిదొకటి ఊగుతోంది.

మంటంటే మా మిరప దేశపు వాడికి ఒకరు నేర్పాలా? కల్లంలో కాయలు తొక్కి కాళ్ళు మండితే మేం చేసేది ఒకటే, మంచినీళ్ళు పోసి గుడ్డతో గట్టిగా రుద్దడం. ఒడ్డున ఇసుకలో ఎవరో తవ్విన చెలమ ఉంటే చెంబుతో తియ్యటి నీళ్ళు ముంచి పోసుకొని, తువ్వాలుతో బలంగా రుద్దాను. ఒకటి ఉన్న మంట పది అయింది. ఊపిరి అందలేదు.

"రుద్దమాక. ఓ అయ్యా, రుద్దమాక" అంటూ సరుగుడు చెట్ల వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. నా చేతిలో తువ్వాలు లాగి అవతల పారేసింది. "మంచినీళ్ళు పోస్తే ఇంకా రేగుద్ది. ఉప్పునీళ్ళే పొయ్యాల." సముద్రపు నీళ్ళే తెచ్చి మెల్లగా పోసింది. చితుకు పుల్లతో ఆ దారాలు ఒక్కొక్కటీ ఎత్తి తీసేసింది. తర్వాత గుడిసెకు తీసుకుపోయి, పొయ్యి మీద కాగుతున్న నీళ్ళు ఓర్చుకోగలిగినంత వేడిగా కుండలో పోసి కాలు అందులో పెట్టమంది. చాలాసేపటికి మంట తగ్గింది.

ఆమె పేరు మంగమ్మ. "నిన్ను పట్టింది ఆ తేలే ముద్ద. దానికీ పానముంటది. చచ్చి ఇసకలో పడున్నా మండిస్తది, తొక్కమాక. మడిసిని తినదు గానీ, ఊపిరి బిగబట్టిస్తది. నీళ్ళలో ఊపిరి బిగిస్తే ఇంకేముంది?" అంది.

ఆ మాటకు నేను వచ్చిన పని చెప్పాను. ఆమె లేచి నిలబడింది. "మా ఆయన కాడికి పోదాం రా. ఆ రోజు మీ అన్న కోసం దిగింది ఆయనే" అంది.

సోమయ్య చెప్పింది

సోమయ్య వల బాగుచేస్తూ తెప్ప పక్కన కూర్చున్నాడు. నేనెవరో భార్య చెప్పగానే వల కింద పెట్టి, "కూచో అయ్యా" అన్నాడు. నేను తెచ్చుకున్న ప్రశ్నే అడిగాను.

"సొర మా అన్నను తిన్నదా?"

"లేదు."

"ఇక్కడ సొరలు లేవా?"

"లేకేం? మేం తినేది వాటినే. ఇదిగో" అని ముంజేయి చూపించాడు. పాత మచ్చ. "వల్లో పడ్డదాన్ని లాగబోతే పట్టింది. తప్పు నాది, దానిది కాదు. పెద్దవి లోతులో ఉంటాయి. కరవనే కరవవని నేను ఒట్టెయ్యను. తానం చేసేవాణ్ణి పట్టుకుపోవటం మాత్రం నా ఎరికలో లేదు. మడిసిని తీసుకుపోయేది లాగుడు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి పోవాల గదా, ఒక్కోచోట కాలవ మాదిరి లోపలికి పోతాయి. దానికి ఎదురీదితే చేతులు పడిపోతాయి. పక్కకి ఈదితే కాసేపటికి అదే వదిలేస్తది."

బావిలో ఎదురు లేదు, పక్క లేదు. ఎటు ఈదినా నాలుగు బారల్లో గట్టు అందుతుంది. మాకు తెలిసిన ఈత అదే.

"ఆ పున్నమి పొద్దున, ఇయ్యాళ నిన్ను పట్టిన ముద్దలే ఒడ్డుకు కొట్టుకొచ్చాయి" అన్నాడు సోమయ్య. "మంటా మంటా అని మీవాళ్ళంతా ఒడ్డుకు ఉరికారు. ఈతగాడు గదా, మీ అన్న బాగా లోపలున్నాడు. లాగుడు పట్టింది. పండగని తెప్పలన్నీ పసుపు కుంకాలతో ఒడ్డునే ఉన్నాయి. నేను నాది తోశా. తెడ్డు కోసం చూళ్ళేదు. అలలు దాటి, చుట్టు తిరిగి, తూర్పు నుంచి ఆయన మీదకి వచ్చా, తెప్ప మీద బోర్లా పడుకొని చేతులతో తోసుకుంటా."

అక్కడ ఆగాడు. మంగమ్మ, "చెప్పు, ఆయన అంత దూరం నుంచి వచ్చాడు" అంది.

"ఒడ్డున మీవాళ్ళు సొర సొర అని అరిచారు. ఆయన ఎనక్కి తిరిగి చూశాడు. నా ఎనక పొద్దు. ఆయనకి నేను నల్లగా కనబడుంటా. నేను మడిసినయ్యా అని అరిచా. ఆ హోరులో ఏం వినబడుద్ది? నన్ను చూసి ఒడ్డుకేసి తిరిగి ఎదురీదాడు. అంత జోరుగా ఈదినవాణ్ణి నేను చూళ్ళేదు. చెయ్యి అందుకునేంత దగ్గరికి పోయా. అప్పటికి లేడు." వల చేతిలోకి తీసుకొని మళ్ళీ కింద పెట్టాడు. "పోయినాక చేపలు ముట్టుకోలేదని నేను చెప్పలేను. బతికుండగా ఏ చేపా ముట్టుకోలా. ఆ మాట ఒడ్డున మీవాళ్ళకి చెప్పినా ఎవరూ వినలా. నేను పోకుండా ఉంటే ఎట్టుండేదో. అదే అనుకుంటా ఉంటా."

నాకు ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. కేకలు వేసిన మా ఊరివాళ్ళ మీదా, సూర్యుడి మీదా, ఈ ముసలాయన మీదా? ఈయన ఒక్కడే గదా దిగింది. ఆయన పక్కన ఇసుకలో కూర్చున్నాను. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం.

రాత్రి భోజనంలోకి మంగమ్మ సొరపిట్టు చేసింది. చేపను ఉడికించి, తోలు తీసి, చేత్తో పొడిగా పిడిచి, ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలతో వేయిస్తారు. మాకంటే కారం తక్కువ. మేం ఇన్నాళ్ళూ భయపడిన చేప నా విస్తట్లో ఉంది. తిన్నాను. మా మిరపకాయలు ఆమెకిస్తే వాసన చూసి మురిసిపోయింది. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగింది. వదిన సంగతి, పాల సంగతి చెప్పాను.

"బాలింతకు మేం పెట్టేది ఇదేనయ్యా. పాలు పడతాయి" అంది. పొద్దున్నే ఎండుసొర ముక్కలు తాటాకులో కట్టి నా చేతికిచ్చింది. తీసుకోవాలో వద్దో తెలియక నిలబడ్డాను. ఆమె నా మూటలో తనే పెట్టేసింది.

వచ్చేముందు ఒడ్డుకు పోయాను. అప్పుడే పొద్దు పొడుస్తోంది. వేటకు పోయిన తెప్పలు తిరిగి వస్తున్నాయి. వెలుగుకు ఎదురుగా, అల లేచినప్పుడల్లా ఒక నల్లటి వీపు తేలి మునుగుతోంది. అది మూడు దుంగలు కలిపి కట్టిన తెప్పని తెలిసి చూస్తున్న నాకే ఒళ్ళు ఝల్లుమంది.

తిరిగి ఇంటికి

వచ్చిన దారే కాబట్టి చెప్పడానికి ఏమీ లేదు. రైల్లో కూర్చొని ఒకటి నిర్ణయించుకున్నాను. సొర తినలేదని మాత్రం చెబుతాను, తెప్ప మాట ఎత్తను. ప్రాణం కాపాడడానికి వచ్చినవాణ్ణి చూసి బెదిరిపోయాడని ఏ నోటితో చెప్పేది? మూటలోని తాటాకు పొట్లం దారిలో ఎక్కడైనా వదిలేద్దామని కూడా అనుకున్నాను. ఒంగోల్లో ఒకసారి బల్ల మీద పెట్టి లేచాను. మళ్ళీ వెనక్కి పోయి తీసుకున్నాను.

వదిన వసారాలో కూర్చొని పిల్లాడికి గుడ్డవత్తితో మేకపాలు పడుతోంది. నేను కాళ్ళు కడుక్కునేదాకా ఆగింది.

"తినలేదు వదినా" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. నేను అక్కడితో ఆపాలనుకున్నాను.

"మరి మనవాళ్ళు చూసిన నల్లటిది ఏంటి?" అంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పమని పంపింది. మొత్తం చెప్పాను. మంట సంగతి, లాగుడు, తెప్ప, సోమయ్య, ఒడ్డున కేకలు. పక్కకు ఈది ఉంటే బతికేవాడన్నది కూడా చెప్పాను. వదిన ఏడవలేదు. పిల్లాడి నోటి దగ్గర కారిన పాలు తుడిచింది.

"చివరికి ఎటు ఈదాడు?"

"ఒడ్డు వైపే."

"ఒడ్డంటే పడమర. మన వైపే గదా" అంది.

అవునన్నాను. నాకు అప్పటిదాకా తోచలేదు. అప్పుడు ఏడుపొచ్చింది నాకే. ఆమె నన్ను కాసేపు ఏడవనిచ్చి, మూట వైపు చూసి, ఆ వాసన ఏంటని అడిగింది. దాచి లాభం లేదు. సొర అని, బాలింతకు పెట్టమని సోమయ్య భార్య ఇచ్చిందని చెప్పాను.

వదిన పొట్లం తీసుకొని ఒళ్ళో పెట్టుకుంది. తాటాకు ముడి మీద వేళ్ళు పెట్టి చాలాసేపు కూర్చుంది. పిల్లాడు మళ్ళీ పాలు కక్కాడు. వాణ్ణి నా చేతికిచ్చి ఆ ముడి విప్పింది.

"ఎట్లా వండమందో సరిగ్గా చెప్పు" అంది.